మామ పెట్టిన మెట్రిక్

పెద్దపల్లి,
18-6-1957

మేనల్లుడు, అల్లుడు రెండూ అయిన రాయమల్లుకు,

దీవెనలు ఈ ఉత్తరం చివర ఉంటాయి, అప్పటికి నాకు ఓపిక మిగిలితే.

గ్రంథాలయానికి పోయి పత్రికలో మెట్రిక్ ఫలితాలు చూశాను. కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ చూశాను. నీ ముందరి నంబరు ఉంది. నీ వెనకటి నంబరు ఉంది. మధ్యలో నీది ఉండవలసిన చోటు పన్ను ఊడినట్టు ఖాళీగా ఉంది. పక్కన కూర్చున్న పోస్టుమాస్టరు ఊరుకుంటాడా? "ఏమాయె గిర్దావర్ సాబ్, మీ అల్లుని నంబర్ దొరికిందా?" అన్నాడు. అచ్చులో తప్పు పడిందని చెప్పి లేచి వచ్చాను. నిజాం సర్కారు రెవెన్యూలో గిర్దావరుగా ఇన్నేళ్ళు చేసి ఒక్క అబద్ధపు పంచనామా రాయనివాణ్ణి. నీ కోసం పోస్టుమాస్టరుతో అబద్ధమాడాను.

షరతు మళ్ళీ గుర్తు చేస్తున్నాను. నీ తల్లి, అంటే నా చెల్లె, పోయేముందు నా చెయ్యి పట్టుకొని "అన్నా, సక్కుబాయిని నా కొడుక్కే ఇయ్యాలె" అన్నది. ఇచ్చాను. రెండేళ్ళ కింద పుస్తె కట్టించాను. అక్కడికి ఆ మాట తీరింది. కాపురానికి పంపమని చెల్లె అడగలేదు, పంపుతానని నేను అనలేదు. బెల్లంపల్లి గనిలో దీపాలు తుడిచేవాని ఇంట్లో నా బిడ్డ పొయ్యి ముట్టించదు. నువ్వు మెట్రిక్ పాసై ఆఫీసులో కుర్చీ మీద కూర్చున్న రోజు నేనే వెంట తీసుకొని వస్తాను. అంతవరకు ఆమె నా బిడ్డ, నువ్వు నా చెల్లె కొడుకువి.

మీ అత్త దేవవ్వ మామిడికాయ తొక్కు పంపుతానంటున్నది. ఫెయిలైనవానికి తొక్కు ఎందుకని ఆపాను.

ఓపిక మిగల్లేదు.

రామచంద్రం


బెల్లంపల్లి,
2-7-1957

మామకు రాయమల్లు నమస్కారాలు.

ఇక్కడ వానలు పడ్డాయి, ఎండాకాలం పోయిందనుకున్నాను. మీ ఉత్తరం విప్పితే మళ్ళీ వచ్చింది.

ఇంగ్లీషులో పోయింది. మిగిలినవన్నీ గట్టెక్కాయి, అయినా ఒక్కటి పోతే అన్నీ మళ్ళీ రాయాలట. ఇంగ్లీషు చెప్పడానికి ఇక్కడ ఒకరు దొరికారు. పని దిగాక రోజూ వాళ్ళింటికి పోతున్నాను.

దీపాలు తుడుస్తానని రాశారు. తుడుస్తాను, నిజమే. ల్యాంపు రూములో తుడవడమే కాదు, గనిలోకి దిగేవానికి కిటికీలోంచి దీపం ఇచ్చి అతని నంబరు బిళ్ళ తీసుకుంటాను. పైకి వచ్చినవాడు దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుపోతాడు. అందరూ పోయాక నా దగ్గర ఒక బిళ్ళ మిగిలితే, ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడన్న మాట. అప్పుడు గంట కొట్టేది నేనే. ఇది కుర్చీలో కూర్చొని చేసే పని కాదని ఒప్పుకుంటాను.

తొక్కుకూ మెట్రిక్‌కూ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు. మన చుట్టం కొమురెల్లి ఇక్కడే గనిలో పనిచేస్తాడు గదా, నెలకోసారి అటు వస్తున్నాడు. అతని చేతికివ్వండి.

విడిగా రాస్తే ఎలాగూ మీరే విప్పి చదువుతారు కనుక ఇందులోనే అడుగుతున్నాను. సక్కుబాయీ, బాగున్నావా?

రాయమల్లు


పెద్దపల్లి,
8-10-1957

రాయమల్లుకు,

పండుగనాడు విస్తరి ముందు నుంచి లేచిపోయిన అల్లుణ్ణి పెద్దపల్లిలో ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఈ దసరాకు చూశారు.

నేనేమడిగాను? చుట్టాలందరూ కూర్చున్నారు. మా అల్లుడు ఇంగ్లీషు చదువుతున్నాడని గొప్పగా చెప్పి, 'నెసెసరీ' అన్న మాటకు అక్షరాలు చెప్పమన్నాను. నువ్వు ఇంటి దూలం వైపు చూశావు. దూలం మీద రాసి ఉంటుందా? "నీ తలకాయల ఉన్నది మెదడా, పత్తి గింజలా?" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వవలసిన మాటే గదా. మీ బాపు లచ్చయ్య బావ ఒక్కడే నవ్వలేదు. హుస్నాబాద్‌లో మగ్గం గుంటలో కూర్చునేవానికి అర్థమై ఉండదు.

నువ్వు పోయిన తరువాత సక్కుబాయి నీ విస్తరి ఎత్తుతూ "బాపూ, గిప్పుడు నీ కడుపు నిండిందా?" అన్నది. నేనింకా తినలేదని చెప్పాను.

జులైలో నువ్వు రాసిన ఉత్తరాన్ని ఎర్ర సిరాతో దిద్ది ఇందులో పెడుతున్నాను. నూటికి ఇరవై రెండు వేశాను. అందులో ఐదు చేతిరాతకు.

రామచంద్రం


బెల్లంపల్లి,
20-11-1957

మామకు,

'నెసెసరీ'లో ఒక సీ, రెండు ఎస్సులు. మీ ఇంట్లో గుర్తుకు రాలేదు. రైలు పెద్దపల్లి దాటగానే వచ్చింది. ఎదురుగా కూర్చున్న ముసలమ్మకు మొత్తం అక్షరాలు చెప్పాను. "మంచిగుండు బిడ్డా" అన్నది. మీ ఇంట్లో ఆ మాట అనేవారు లేరు.

పాసయ్యేదాకా మీ గడప తొక్కను. ఇది నా షరతు.

మీరు దిద్దిన ఉత్తరం గోడకు అంటించుకున్నాను. పొద్దున లేవగానే ఎర్ర సిరా చూస్తాను. ఒళ్ళు మండుతుంది. ఆ మంటతోనే చదువుతున్నాను. లెక్కల్లో ఇంతకుముందు బట్టీ పట్టిన సూత్రాలు ఇప్పుడు ఎందుకట్లా అయినవో తెలుస్తున్నాయి. ఈ చదువు లేకుండా ఇన్నేళ్ళు ఎట్లా తిరిగానో అనిపిస్తున్నది.

ఇక్కడి మనుషుల సంగతి రాయాలంటే సిగ్గేస్తుంది. పని దిగితే కల్లు, కల్లు దిగితే పని. తన బిళ్ళ మీద అంకె ఏదో తెలియనివాడు ఇంటినిండా పిల్లల్ని కన్నాడు. మొన్న అట్లాంటివాణ్ణి ఒకణ్ణి, నీ నంబరు చదివితేగాని దీపం ఇయ్యనని కిటికీ ముందు నిలబెట్టాను. చేతిలో బిళ్ళను అటూ ఇటూ తిప్పాడు. వెనక వరుసంతా పడిపడి నవ్వింది. వీళ్ళకు ఇట్లాగే బుద్ధి చెప్పాలి.

రాయమల్లు


పెద్దపల్లి,
10-12-1957

చిరంజీవి రాయమల్లుకు,

ఇన్నాళ్ళకు నీ ఉత్తరంలో మా ఇంటి రక్తం కనిపించింది. కిటికీ దగ్గర ఆ మొద్దును నిలబెట్టిన సంగతి పోస్టుమాస్టరుకు చదివి వినిపించాను. తరువాత ఇంట్లో చదివాను. మనిషి పెరగడమంటే ఇదే. కిందివాణ్ణి చూస్తేగాని మనం ఎక్కిన ఎత్తు తెలియదు.

సక్కుబాయి మాత్రం "గా మనిషి గా దినం బొగ్గుబాయిల దిగిండా, దిగలేదా?" అని అడిగింది. ఆడవాళ్ళకు ఎక్కడ నవ్వాలో తెలియదు.

కొమురెల్లి చేత తొక్కు పంపుతున్నాను. జాడీ తిరిగి పంపు.

దీవెనలతో,
రామచంద్రం


పెద్దపల్లి,
25-6-1958

రాయమల్లుకు,

ఈసారి లెక్కల్లో పోయిందట. "ఎందుకట్లా అయినవో తెలుస్తున్నాయి" అన్నావే, మరి పరీక్ష హాల్లో తెలియలేదా? ఏడాదికొక సబ్జెక్టు చొప్పున పోగొట్టుకుంటూ పోతే నీకు అరవై ఏళ్ళు వచ్చేనాటికి నా బిడ్డ కాపురానికి వస్తుంది. అప్పుడు మీ ఇద్దరికీ చేతికర్రలు కొనిపెడతాను.

ఇది కాక ఇంకొక ముచ్చట. నిన్న కొమురెల్లి వచ్చాడు. నాకు చెప్పలేదు, వంటింట్లో దేవవ్వకు చెప్పాడు. "అత్తా, రాయమల్లు రోజు పొద్దుగూకంగనే ఒక ఆడమనిషి ఇంటికి పోతుండు. తలుపు దగ్గరికేసి మాట్లాడుకుంటరు" అన్నాడట. నీకు ఇంగ్లీషు చెప్పే 'ఒకరు' ఆడమనిషని నాకెందుకు రాయలేదు? చదువు పేరు పెట్టి అక్కడ ఏం వెలగబెడుతున్నావు? పరీక్ష పోవడానికి కారణం లెక్కలా, తలుపా?

దేవవ్వ నన్నే తిడుతున్నది. "నీ మెట్రిక్ మన్నువడ! పోరి ఎండిపోతుంది, పోరడు ఎటో పోతుండు" అంటున్నది. ఆమెకు ఇజ్జత్ అంటే ఏమిటో తెలియదు. జవాబు వెంటనే రాయి.

రామచంద్రం


బెల్లంపల్లి,
5-7-1958

మామకు,

ఆ ఆడమనిషికి అరవై దాటాయి. ఇక్కడి బడిలో చేసి దిగిపోయిన పంతులమ్మ. ఎడమ చెవి వినపడదు, కుడి చెవి తనకు ఇష్టమైతే వినపడుతుంది. అందుకే అరుచుకుంటూ చదువుతాము. వీధిలోవాళ్ళు ఆ గొడవ భరించలేక తలుపు వేసుకోమన్నారు. స్పెల్లింగు తప్పితే చెక్క స్కేలుతో వేళ్ళ మీద కొడుతుంది. నా వేళ్ళు చూసి ఉంటే కొమురెల్లి ఆ మాట అనేవాడు కాదు.

పంతులమ్మ అని ముందే రాస్తే మీరు ఇదే అంటారని రాయలేదు. రాయకపోయినా అన్నారు. ఊరూరూ తిరిగి పొలాలు కొలిచిన గిర్దావరు వంటింటి మాట పట్టుకొని పంచనామా రాశారు. సంతోషం.

వచ్చే ఏడు మళ్ళీ రాస్తాను. మీ కోసం కాదు. సక్కుబాయికి ఈ ఉత్తరం మొత్తం చదవండి, స్కేలు సంగతితో సహా.

రాయమల్లు


బెల్లంపల్లి,
12-3-1959

మామకు,

చాలా నెలలు రాయలేదు. రాయవలసింది ఏదీ లేక కాదు. ఇప్పుడు ఒకటి జరిగింది. ఎవరికైనా చెప్పాలి. చెప్పడానికి మీరు తప్ప తగినవారు లేరు.

పోయిన వారం బాపు నన్ను చూద్దామని వచ్చాడు. హుస్నాబాద్ నుంచి బస్సులో వచ్చి పెద్దపల్లిలోనే రైలెక్కాడు. మీ ఇంటికి మాత్రం రాలేదు. మంచిర్యాలలో దిగిపోయాడు. అదే బెల్లంపల్లి అనుకున్నాడు. నేను స్టేషన్‌లో వచ్చే ప్రతి బండికీ ఎదురుచూశాను, గనిలో సెలవు పోయింది. మరునాడు మధ్యాహ్నం దిగాడు. చంకలో నా కోసం నేసిన దుప్పటి. నన్ను చూసి నవ్వుకుంటూ వచ్చాడు. "ముందుగాల్నే దిగిన బిడ్డా, బోర్డు మీద ఏం రాసి ఉన్నదో ఎవ్వల్నీ అడగలే" అన్నాడు.

ప్లాట్‌ఫారం మీద నలుగురూ ఉన్నారు. నా నోట్లోంచి "నీ తలకాయల ఉన్నది మెదడా, పత్తి గింజలా?" అని వచ్చింది. నలుగురూ నవ్వారు.

బాపుకు కోపం రాలేదు. దుప్పటి నా చేతిలో పెట్టి, "గీ మాట మీ మామది గదరా. నీ నోట్లకు ఎప్పుడు అచ్చింది?" అన్నాడు. అంతే. రెండు రోజులున్నాడు. నా గదిలో గోడ మీద మీ ఎర్ర సిరా కాగితం చూశాడు. అదేమిటని అడగలేదు. పోయేటప్పుడు మాత్రం "సదువుకో బిడ్డా, సదువు మంచిదే" అన్నాడు.

ఆయన పోయాక ఆ కాగితం చింపేశాను. కిటికీ దగ్గర నేను నిలబెట్టిన మనిషిని వెతుక్కుంటూ పోయాను. ఇల్లు ఖాళీ చేసి వేరే గనికి మారిపోయాడని చెప్పారు.

వచ్చే నెల పరీక్ష. రాస్తాను.

రాయమల్లు


పెద్దపల్లి,
22-3-1959

రాయమల్లుకు,

ఏడుపు ఉత్తరం అందింది. పరీక్ష ముందు రాయవలసింది ఇదేనా? స్టేషన్ బోర్డు చదవరానివాణ్ణి చదవరానివాడు అంటే పాపమా? అందులో తప్పుబట్టవలసింది ఒక్కటే. ఆ మాట నాది, నన్ను అడగకుండా వాడావు.

లచ్చయ్య బావ అలిగి మా ఇంటికి రాలేదంటే రాకపోనీ. పిలిచి బతిమాలే తీరిక నాకు లేదు.

సక్కుబాయికి చదివి వినిపించాను. వింటూ మధ్యలో లేచిపోయింది. ఈ మధ్య ఆమె నాతో మాట్లాడడం లేదు. ఏమడిగినా దేవవ్వతో చెప్పిస్తున్నది. దానికీ నువ్వే కారణం.

రామచంద్రం


బెల్లంపల్లి,
19-6-1959

మామకు,

ఈసారి కూడా ఫెయిలయ్యాను. ఇక పరీక్ష రాయను. ఎప్పటికీ దీపాలు ఇచ్చేవాణ్ణే. ఈ మనిషి దగ్గరికి సక్కుబాయిని పంపుతారా, పంపరా? ఒక్క మాటలో చెప్పండి.

రాయమల్లు


పెద్దపల్లి,
23-6-1959

రాయమల్లుకు,

పంపను. ఒక్క మాటలో చెప్పమన్నావు, చెప్పాను. ఇక మిగిలిన మాటలు విను.

పత్రిక చూసే పని కూడా లేకుండా చేశావు, అందుకు షుక్రియా. మూడుసార్లు! మా ఎద్దును మూడేళ్ళు కూర్చోబెట్టి చెప్పిస్తే అది కూడా సంతకం చేసేది. పైగా ఇక రాయడట! ఓడిపోయినవానికి ఇంత పొగరు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పంతులమ్మను అడగాలి. నీ ఉత్తరం ఇంట్లో గట్టిగా చదివాను, అందరూ విన్నారు. సక్కుబాయి బియ్యం చెరుగుతున్నది. చేట ఆగలేదు. ఆమె కూడా నీ మీద ఆశ వదులుకున్నదని నాకు అర్థమైంది. తెగతెంపుల సంగతి కులపెద్దలతో మాట్లాడుతాను. చెల్లె పైనుంచి చూస్తే చూడనీ.

24వ తారీఖు పొద్దున. పై ఉత్తరం ఇంకా పోస్టు చేయలేదు. సక్కుబాయి ఇంట్లో లేదు. ఆమె పెట్టె లేదు. దేవవ్వ ఏడవడం లేదు, అందుచేత ఆమెకు తెలుసనుకుంటున్నాను. అడిగితే "నీకు అన్ని తెలుసు గదా, గిది గూడ తెలుసుకో" అంటున్నది. అక్కడికి వచ్చిందా? వస్తే వెంటనే రాయి. రాకపోయినా వెంటనే రాయి.

రామచంద్రం


బెల్లంపల్లి,
27-6-1959

మామకు,

వచ్చింది. క్షేమంగా ఉంది. పరేషాన్ కావద్దు.

పని దిగినవాళ్ళు కిటికీ ముందు వరుసలో నిలబడ్డారు. వాళ్ళ మధ్య నెత్తిన పెట్టెతో సక్కుబాయి. తన వంతు వచ్చేదాకా నిలబడింది. "ఫెయిలైనవట గదా?" అన్నది. అవునన్నాను. "అయితే ఏమాయె? నేను మెట్రిక్‌ను చేసుకున్ననా? ఇల్లు ఎక్కడ? ఆకలైతుంది" అన్నది. మామా, ఆ మాటకు నా కాళ్ళు భూమి మీద నిలవలేదు.

ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టాను. అప్పుడు దాచుకోలేక చెప్పేశాను. మీకూ చెబుతున్నాను. నేను పాసయ్యాను. సెకండ్ క్లాసు. ఫెయిలయ్యానని మీకు రాసింది అబద్ధం. కాగితానికి కాక నాకే ఆమెను పంపుతారా అని చూద్దామనుకున్నాను. మీరు పంపకపోయినా ఆమె తనంతట తానే వచ్చింది గదా అని, పొంగిపోతూ పత్రిక తీసి ఆమెకు చూపించాను.

ఆమె పళ్ళెం పక్కకు జరిపింది. "మా బాపు నీకు మూడేండ్లు ఇమ్తెహాన్ వెట్టిండు. నువ్వు ఒక్క ఉత్తరంతోని నాకు వెట్టినవ్. మూడోసారి పోయిందని నువ్వు ఏ పట్టాల మీద వడ్డవోనని, రైల్ల అచ్చినంతసేపు ఏడ్సుకుంట అచ్చిన. మీరిద్దరు మామా అల్లుళ్ళు నన్ను నడుమ వెట్టుకొని ఆడుకున్నరు. నన్ను ఒక్క మాట ఎవ్వలన్న అడిగిండ్రా, నువ్వు పోతవా, ఉంటవా అని?"

నేను దూలం వైపు చూశాను. ఈసారి కూడా అక్కడ ఏమీ రాసి లేదు.

"మీరు బద్నాం జేసిన గా పంతులమ్మ ఇల్లు సూపెట్టు" అన్నది. చూపించాను. పంతులమ్మ ఆమె చెప్పిందంతా కుడి చెవితోనే విన్నది. విని నన్ను బయటికి పొమ్మన్నది. సక్కుబాయి ఇప్పుడు అక్కడే ఉంటున్నది.

రాయమల్లు


పెద్దపల్లి,
2-8-1959

రాయమల్లుకు,

నీ మాట మీద నమ్మకం లేక గ్రంథాలయంలో పాత పత్రిక తీయించి చూశాను. నంబరుంది. పోస్టుమాస్టరుకు చూపించాను. "మొన్న ఫెయిల్ అంటిరి గద సాబ్?" అన్నాడు. పత్రిక మడిచి ఇచ్చేసి ఇంటికి వచ్చాను. ఫెయిలై పాసయ్యానని బొంకేవాళ్ళను నా సర్వీసులో చాలామందిని చూశాను. పాసై ఫెయిలయ్యానని బొంకినవాడివి నువ్వొక్కడివే. ఇంత చదివి నువ్వు సంపాదించిన తెలివి ఇది! ఆఫీసులో కుర్చీ ఇచ్చారా?

సక్కుబాయికి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానిలో తిట్టాను. రెండోదానిలో కొంచెం తిట్టాను. మూడోదానిలో ఏమీ తిట్టలేదు, ఆరోగ్యం మాత్రమే అడిగాను. దేనికీ జవాబు రాలేదు. ఇంట్లో దేవవ్వ వంట చేసి నా ముందు పెట్టి పక్కింటికి పోతున్నది. ఒక్కణ్ణే తింటున్నాను. గట్టిగా ఏదైనా చదివితే వినేవారు లేరు.

నేను బెల్లంపల్లి రావచ్చునా అని ఆమెను అడిగి రాయి. నేను అడిగానని చెప్పకు. కాదు, చెప్పు.

రామచంద్రం


బెల్లంపల్లి,
9-8-1959

మామకు,

కుర్చీ ఇచ్చారు. కూర్చున్నాను. మీరు చెప్పినంత గొప్పగా లేదు, ఒక కాలు పొట్టి.

మీరు అడగమన్నారని చెప్పే అడిగాను. సక్కుబాయి జవాబు ఆమె మాటల్లోనే రాస్తున్నాను. "రమ్మను. అద్దనెటందుకు నేనేమన్న గిర్దావర్‌నా? లోపటికి రానిచ్చుడు మాత్రం అచ్చినంక జూస్త."

నన్నూ ఇంకా లోపలికి రానివ్వలేదు మామా. రోజూ పని దిగాక పోయి పంతులమ్మ ఇంటి ముందు మెట్టు మీద కూర్చుంటాను. లోపల ఇద్దరూ ఇంగ్లీషు చదువుతూ అరుస్తుంటారు. సక్కుబాయి తప్పు చదివితే నేను బయటి నుంచి అందివ్వబోతాను. "నిన్ను అడిగిన్నా?" అని లోపలి నుంచి వినిపిస్తుంది. నోరు మూసుకుంటాను. నిన్న మాత్రం చీకటి పడ్డాక తలుపు కొంచెం తెరిచి, చాయ్ గ్లాసు బయట పెట్టింది. ఎవరి కోసమో చెప్పలేదు. నేనే తాగాను.

మీరు రండి. మెట్టు వెడల్పుగానే ఉంది, ఇద్దరం పడతాము.

రాయమల్లు